రిజిస్టరులో ఖాళీ గడి

చిన్నీ,

నిన్న రాత్రి నువ్వు ఫోన్ పెట్టేశాక నాకు నిద్ర పట్టలేదు. నువ్వు ఏడవలేదు గానీ నీ గొంతు పూడుకుపోవడం నాకు తెలియకుండా ఉంటుందా. పీహెచ్‌డీలో చేరి మూడేళ్లయింది అమ్మా, ఇంకా ఆ డిటెక్టర్‌తోనే కుస్తీ పడుతున్నాను, నాతో చేరినవాళ్లు రెండేసి పేపర్లు వేసుకున్నారు, నేను మాత్రం పరికరాన్ని సరిచూసుకునే కాలిబ్రేషన్ దగ్గరే ఉండిపోయాను, అసలు ఇది ఫిజిక్సేనా లేక మెకానిక్ పనా అన్నావు. చీకట్లో పెట్టినా సున్నా చూపించడం లేదని, ఒక్కో రాత్రి ఒక్కోలా ఉంటోందని, మీ సీనియర్ ఒకాయన "సగటు కట్టి, వచ్చిన లెక్కలోంచి అది తీసేసి పేపర్ పంపించెయ్, ఎవరు చూడొచ్చారు" అన్నాడని కూడా చెప్పావు. నేను వెంటనే ఏమీ అనలేకపోయాను. ఫోన్‌లో నాకు పొడుగు మాటలు రావు, సగం చెప్పేలోపు నువ్వు "సరేలే అమ్మా, పడుకో" అంటావు, అక్కడితో అయిపోతుంది. అందుకే కూర్చుని రాస్తున్నా. పెద్దదవుతుంది, ఆదివారం తీరిగ్గా చదువుకో.

నీకు అన్నా మణి గారి గురించి చెప్పాలి. ఇన్నేళ్లలో ఎందుకు చెప్పలేదో నాకే తెలియదు. ఆవిడ పేరు నేను మొదటిసారి విన్నది పూణెలో, వాతావరణ కేంద్రంలో ఉద్యోగంలో చేరిన కొత్తలో మమ్మల్ని ట్రైనింగ్‌కి పంపినప్పుడు. థర్మామీటర్ చూడటం బడి పిల్లలకైనా వస్తుంది, దానికి రైలెక్కి పూణె దాకా వెళ్లాలా అనుకుంటూ వెళ్లాను. వెళ్లాక తెలిసింది నాకు చూడటం రాదని. కన్ను పాదరసం మట్టానికి సరిగ్గా రాకపోతే పదో వంతుల్లో తేడా వస్తుంది, ముందు పదో వంతు చూసుకోవాలి, ఆ తర్వాతే డిగ్రీలు చూడాలి, ఎందుకంటే మనం దగ్గరకెళ్లి నిలబడేసరికి మన ఒంటి వేడికి, ఊపిరికి పాదరసం కదలడం మొదలెడుతుంది. డిగ్రీలు ఎక్కడికీ పోవు, పోయేది పదో వంతే. అక్కడే ఎవరో చెప్పారు, ఈ పరికరాలన్నీ ఒకప్పుడు ఓడల్లో బయటి దేశాల నుంచి వచ్చేవని, మన దేశంలోనే తయారయ్యేలా చేసిన వాళ్లలో ఒక ఆడమనిషి ఉన్నారని, ఆవిడ అసలు చదివింది ఫిజిక్స్ అని. నేను ఆ మాట మనసులో పెట్టుకున్నాను. తర్వాత దొరికినప్పుడల్లా ఆవిడ గురించి చదువుతూ వచ్చాను.

ఆవిడ పుట్టింది 1918 ఆగస్టు 23న, అప్పటి తిరువాన్కూరు సంస్థానంలోని, అంటే ఇప్పటి కేరళలోని పీరుమేడులో. కొండలు, ఏలకుల తోటలు ఉన్న ఊరు. తండ్రి సివిల్ ఇంజనీరు. ఎనిమిది మంది పిల్లల్లో ఈవిడ ఏడో ఆవిడ. కలిగిన కుటుంబమే, కానీ ఆ ఇంట్లోనూ పద్ధతి ఒక్కటే, మగపిల్లలను పెద్ద ఉద్యోగాలకు తయారు చేయడం, ఆడపిల్లలను పెళ్లికి తయారు చేయడం. ఎనిమిదో పుట్టినరోజుకు ఇంటి ఆనవాయితీ ప్రకారం రవ్వల దుద్దులు ఇవ్వబోతే ఆ పిల్ల వద్దంది, వాటికి బదులు ఎన్‌సైక్లోపీడియా సంపుటాలు కొనిపెట్టమంది. అప్పటికే ఊరి లైబ్రరీలో ఉన్న మలయాళం పుస్తకాలు దాదాపు అన్నీ చదివేసిందట. పన్నెండేళ్లకు ఇంగ్లీషువి కూడా. అణగారిన కులాలవాళ్లకు గుడి చుట్టూ వీధులు తెరవాలని సాగిన వైకోం సత్యాగ్రహం రోజుల్లో, 1925లో, గాంధీగారు ఆ ప్రాంతానికి వచ్చారు. ఆ ప్రభావంతో ఖద్దరు కట్టడం మొదలుపెట్టి, ఆ తర్వాత కూడా వదలలేదు. అక్కలకు చిన్న వయసులోనే పెళ్లిళ్లయ్యాయి. తను చదువుకుంటానంది. ఇంట్లో పెద్దగా అడ్డు చెప్పలేదు, అలాగని ఎగబడి ప్రోత్సహించనూ లేదు. డాక్టరీ చదవాలనుకుందట మొదట, ఫిజిక్స్ బాగా వస్తోంది కదా అని అటు వెళ్లింది. నువ్వు ఇంటర్ అయ్యాక ఎలా నిర్ణయించుకున్నావో గుర్తుందా? బైపీసీ వాళ్లంతా నీట్ కోచింగ్‌కి పోతుంటే నువ్వు ఎంపీసీ తీసుకుని, ఇంజనీరింగ్ కూడా వద్దు, బీఎస్సీ ఫిజిక్స్ చదువుతానంటే మీ మామయ్య ఇంటికొచ్చి గంటసేపు మాట్లాడి వెళ్లాడు.

మద్రాసులో 1939లో ఆనర్స్ డిగ్రీ పూర్తి చేసి, 1940లో స్కాలర్‌షిప్ మీద బెంగళూరు ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సైన్స్‌కి వెళ్లారు. సి.వి. రామన్ గారి ల్యాబ్. చిన్నప్పుడు మన విశాఖపట్నంలో చదువుకున్న రామనే. ఆయన దగ్గర అప్పుడు దాదాపు 300 వజ్రాలు ఉండేవి, వజ్రం అంటే ఆయనకు అంత పిచ్చి. అన్నా మణి గారికి అప్పగించిన పని ఆ వజ్రాల మీద, కెంపుల మీద కాంతి పడితే అవి ఏం చేస్తాయో చూడటం. ఒక్కో వజ్రం ఒక్కో రకం, అతినీలలోహిత కాంతి పడితే కొన్ని నీలంగా వెలుగుతాయి, కొన్ని ఆకుపచ్చగా, కొన్ని అసలు వెలగవు. ఆ వెలుగును రంగులుగా విడగొట్టి ఫోటో ప్లేటు మీద పట్టాలి. వెలుగు ఎంత పలచగా ఉంటుందంటే ఒక్క ప్లేటుకు 15 నుంచి 20 గంటల పాటు కాంతి పట్టించాలి. రాత్రిళ్లు ల్యాబ్‌లోనే పడుకునేవారట. ఎనిమిదేళ్లప్పుడు రవ్వలు వద్దన్న పిల్ల ఇరవై రెండేళ్లకు వాటి పక్కనే రాత్రిళ్లు గడిపింది చూడు, ఈ సంగతి చదివినప్పుడల్లా నాకు ఎంత సంతోషంగా ఉంటుందో చెప్పలేను. వద్దన్నది చెవులకు పెట్టుకోవడమే, వాటి లోపల ఏముందో తెలుసుకోవడం కాదు.

1942 నుంచి 1945 లోపు వజ్రాల మీద, కెంపుల మీద ఐదు పరిశోధనా పత్రాలు వేశారు. ఐదింటి మీదా ఆవిడ పేరు ఒక్కటే ఉంది. 1945 ఆగస్టులో సిద్ధాంత గ్రంథం మద్రాసు యూనివర్సిటీకి సమర్పించారు, ఎందుకంటే ఆ రోజుల్లో ఇన్‌స్టిట్యూట్‌లో చేసిన పనికి డిగ్రీ ఇచ్చేది ఆ యూనివర్సిటీయే. వాళ్లు ఇవ్వలేదు. కారణం, ఎమ్మెస్సీ లేదట. ఆనర్స్ డిగ్రీ చూసే కదా స్కాలర్‌షిప్ ఇచ్చి పరిశోధనకు తీసుకున్నారు, ఐదేళ్లు పని చేశాక, ఐదు పేపర్లు వచ్చాక, ఇప్పుడు కింది మెట్టు లేదని గుర్తొచ్చిందా! నాకు దీని మీద ఇప్పటికీ కోపం తగ్గలేదు. ఆ ల్యాబ్‌లోనే పనిచేసిన సునందా బాయి గారిక్కూడా అంత పనీ చేసి డిగ్రీ రాలేదు. ఒక్కరి విషయంలో అయితే రూల్ అనుకోవచ్చు. అన్నా మణి గారి సిద్ధాంత గ్రంథం ఇప్పటికీ రామన్ రీసెర్చ్ ఇన్‌స్టిట్యూట్ లైబ్రరీలో ఉంది, డిగ్రీ వచ్చినవాళ్ల గ్రంథాల లాగే బైండు చేసి. పక్కపక్కనే పెడితే ఏది ఎవరిదో తేడా తెలియదు.

ఇక్కడ నువ్వు ఆగి ఒక సంగతి గమనించాలి. ఆవిడకు తర్వాత కూడా ఫిజిక్సే చేయాలని ఉంది. ఇంగ్లండ్ వెళ్లి చదవడానికి ప్రభుత్వ స్కాలర్‌షిప్ వచ్చింది, కానీ అప్పుడు ఉన్న స్కాలర్‌షిప్ వాతావరణ పరికరాల మీద మాత్రమే. వజ్రాలు, వెలుగును విడగొట్టి చూసే స్పెక్ట్రోస్కోపీ వదిలేసి వాన కొలిచే డబ్బాలు, గాలి వేగం చూసే గిన్నెలు నేర్చుకోవాలి. ఆవిడ ఒప్పుకున్నారు. 1945లో, యుద్ధం అప్పుడే ముగుస్తోంది, సైనికులను మోసే ఓడలో ఇంగ్లండ్ వెళ్లారు, లండన్ ఇంపీరియల్ కాలేజీకి. మూడేళ్ల పాటు పరికరం ఎలా తయారు చేస్తారు, ఎలా పరీక్షిస్తారు, ఒక దానితో ఇంకొకటి ఎలా సరిచూస్తారు అన్నదే చదువు. కోరుకున్న చదువు కాదు. కానీ వజ్రం ముందు ఇరవై గంటలు కూర్చున్న మనిషికి ఆ ఓపిక, ఆ కన్ను ఊరికే పోతాయా? ఫిజిక్స్ వదిలేసి వాతావరణంలోకి వెళ్లారని కొందరు రాస్తారు, నాకు ఆ మాట నచ్చదు. కాంతిని కొలిచారు, వేడిని కొలిచారు, గాలిని కొలిచారు. ఫిజిక్స్ అంటే ఇంకేమిటి?

1948లో వచ్చి పూణెలో వాతావరణ శాఖలో చేరారు. దేశానికి స్వాతంత్ర్యం వచ్చి ఏడాది. ఆలోచించు, అంత పెద్ద దేశం, వాన మీద బతికే దేశం, వాన కొలవడానికి ఒక రేకు గరాటు కూడా బయటి నుంచే రావాలి. థర్మామీటర్ పగిలితే మళ్లీ ఓడ వచ్చేదాకా చూడాలి. పూణెలోని వర్క్‌షాప్‌లో ఇవన్నీ మనమే చేసుకోవాలని పని మొదలైంది, అప్పటి పెద్ద ఎస్.పి. వెంకటేశ్వరన్ గారు. 1953 కల్లా ఆ విభాగానికి ఈవిడ అధిపతి, కింద 121 మంది మగవాళ్లు. దాదాపు వంద రకాల వాతావరణ పరికరాలకు డ్రాయింగులు సిద్ధం చేయించి, కొలతలు ఖాయం చేసి, తయారీ మొదలు పెట్టించారు.

డ్రాయింగ్ అంటే ఏముంది, బొమ్మే కదా అనిపిస్తుంది. కాదు. మా కేంద్రంలో వాన కొలిచే పాత్ర నీకు గుర్తుందా, ఆకుపచ్చ ఫైబర్‌ది, నువ్వు దాని పైన గన్నేరు పూలు పెడితే నేను కోప్పడ్డాను. దాని పై నోరు 200 చదరపు సెంటీమీటర్లు. కొంచెం సొట్ట పడినా, అంచు ఒక పక్కకు వంగినా అందులో పడే వాన మారిపోతుంది. అంచు పదునుగా ఉండాలి, లేకపోతే చినుకు అంచు మీద పడి లోపలికి పోవాలా బయటికి పోవాలా అన్నది దాని ఇష్టం. లోపలికి పడింది మళ్లీ ఎగిరి బయట పడకుండా గరాటు లోతుగా ఉండాలి. ఇవన్నీ ఒక్కచోట సరిగ్గా చేస్తే చాలదు, శ్రీకాకుళంలో పెట్టిందీ, రెంటచింతలలో పెట్టిందీ, జైసల్మేరులో పెట్టిందీ ఒకేలా ఉంటేనే అక్కడ ఇంత పడింది, ఇక్కడ ఇంత పడింది అని పక్కపక్కన రాసుకోగలం. ఒక మనిషి ఒక్క మంచి పరికరం చేయడం వేరు, దేశమంతా ఏ పల్లెటూళ్లో ఏ అబ్జర్వరు చూసినా నమ్మదగ్గ అంకె వచ్చేలా చేయడం వేరు. ఆవిడ చేసింది రెండోది. నేను ముప్పై ఏళ్లు ఆ అంకెల మీదే బతికాను.

తప్పు కొలత కంటే అసలు కొలత లేకపోవడమే మేలని ఆవిడ నమ్మకం. ఈ మాట దగ్గరికి రావడానికే ఇంత రాశాను, ఎందుకంటే నీకు ఎప్పుడూ చెప్పని సంగతి ఒకటి ఉంది.

నీకు రెండేళ్లప్పుడు. మేము పొద్దున ఏడింటికి, మధ్యాహ్నం రెండింటికి రీడింగులు తీయాలి. ఆ రోజు మధ్యాహ్నం నీకు జ్వరం 103 ఉంది, నాన్న ఊళ్లో లేరు, తడిగుడ్డ మార్చి మార్చి వేస్తూ నీ పక్కనే కూర్చున్నాను. అబ్జర్వేటరీ క్వార్టర్స్‌కి ఐదు నిమిషాల దూరమే. వెళ్లలేదు. సాయంత్రం నీకు చెమట పట్టి జ్వరం దిగాక వెళ్లి, రిజిస్టరు తీసి, ముందు రోజు అంకెలు చూసి, ఎండ కూడా అలాగే ఉంది కదా అని, తడి థర్మామీటర్ (గాలిలో తేమ తెలుసుకోవడానికి బుడ్డికి తడి గుడ్డ చుట్టి ఉంచేది) గడిలో 25.4 అని రాసేశాను. నా చేతి రాతే, అదే ఇంకు, పైన వరుసలు కింద వరుసలు నిజమైనవే. ఎవరికీ తెలియలేదు. వెళ్లకపోవడం తప్పని నేను ఇప్పుడూ అనుకోను, నువ్వు ఆ స్థితిలో ఉంటే ఏ తల్లి వెళ్తుంది. తప్పు ఎక్కడంటే గడి నింపడం. ఖాళీ వదిలితే పై అధికారి సంజాయిషీ అడుగుతారు, చెప్పుకుంటే సరిపోయేది.

రెండేళ్ల తర్వాత ఒక కుర్రాడు ఎమ్మెస్సీ అగ్రికల్చర్ చదువుతూ వచ్చాడు. వేరుశనగలో ఆకుమచ్చ తెగులుకీ గాలిలో తేమకీ ఉన్న సంబంధం మీద పని చేస్తున్నాడు. మా రిజిస్టర్లు ముందు వేసుకుని మూడు రోజులు కూర్చుని ఒక్కో గడీ తన నోటు పుస్తకంలోకి ఎక్కించుకున్నాడు. ఆ నెల పేజీ తిప్పినప్పుడు నేను అక్కడే నిలబడి ఉన్నాను. ఆ గడి దగ్గర అతని పెన్ను ఆగలేదు, ఎందుకు ఆగుతుంది, అది కూడా మిగతా వాటిలాగే ఉంది. నోరు తెరిచి చెప్పాలనుకున్నాను, చెప్పలేదు. ఒక్క అంకెతో అతని లెక్క తలకిందులై ఉండదు. కానీ ఖాళీ గడి అయితే అతను ఆగి "ఇది లేదేంటి మేడమ్" అని అడిగేవాడు, లేదని రాసుకునేవాడు. ఖాళీ గడి నిజం చెబుతుంది. 25.4 చెప్పలేదు. రిటైరయ్యే రోజు కూడా నాకు అదే గుర్తొచ్చింది, వాళ్లేమో దండ వేసి నా గురించి ఎంతో మంచిగా మాట్లాడుతున్నారు.

ఆ తర్వాత ఎప్పుడూ అలా చేయలేదు. తడి థర్మామీటర్ గుడ్డను వారం వారం మార్చేదాన్ని, గాలి దుమారం వస్తే మధ్యలో కూడా. గుడ్డకి దుమ్ము పడితే నీళ్లు సరిగ్గా ఆవిరి కావు, ఆవిరి కాకపోతే చల్లబడదు, అప్పుడు గాలిలో లేని తేమ ఉన్నట్టు చూపిస్తుంది. గుడ్డ ముక్క మురికిగా ఉంటే ఊరి వాతావరణమే మారిపోతుంది కాగితం మీద. థర్మామీటర్లు ఉండే తెల్ల పెట్టె తలుపు తీసి నేను గుడ్డ మారుస్తుంటే నువ్వు కింద నిలబడి "పావురాల గూడు" అనేదానివి.

మళ్లీ ఆవిడ దగ్గరికి వస్తాను. 1957-58లో ప్రపంచమంతా కలిసి భూమిని పరిశీలించే ఏడాది ఒకటి పెట్టుకున్నారు, అంతర్జాతీయ భూభౌతిక సంవత్సరం అని. అప్పుడు అన్నా మణి గారు మన దేశంలో ఎండను కొలిచే కేంద్రాల వరుస ఒకటి ఏర్పాటు చేశారు. ఎండ ఎంతసేపు కాసింది అన్నది గాజు గోళం చెబుతుంది, కింద పెట్టిన అట్ట మీద ఎండ ఉన్నంతసేపూ గీతలా కాలుతుంది, అది నీకు బాగా ఇష్టం. ఎండ ఎంత బలంగా ఉంది అన్నది వేరే పరికరం. గాజు డోమ్ కింద నల్ల పూత పూసిన పలక, దానికి తగిలిన వేడిని సన్నటి తీగల జతలు మిల్లీవోల్టులుగా మారుస్తాయి. సూర్యుడి నుంచి నేరుగా వచ్చేది, ఆకాశమంతా చెదిరి వచ్చేది, రెండూ విడివిడిగా చూడాలి. ఈ పరికరాలు మొదట్లో బయటి నుంచి తెప్పించుకున్నా, తర్వాత ఇక్కడే తయారు చేయించారు. ఆ కొలతలు ఏళ్లకేళ్లు పోగయ్యాక 1980లో, 1981లో భారతదేశం మీద పడే సౌరశక్తి గురించి రెండు పెద్ద పుస్తకాలు తెచ్చారు, నిండా పట్టికలే. అప్పటికి మేడల మీద సోలార్ ప్యానెళ్లు ఎక్కడున్నాయి? ఎవరికో ఎప్పుడో పనికొస్తుందని పదో వంతు పదో వంతుగా కూడబెట్టారు.

కేరళలోని తుంబాలో రాకెట్లు ఎగరేయడం మొదలుపెట్టినప్పుడు విక్రమ్ సారాభాయ్ గారు అడిగితే అక్కడ వాతావరణ అబ్జర్వేటరీ, పరికరాల టవరు ఏర్పాటు చేసిచ్చారు. 1960ల్లో ఓజోన్‌ను కొలిచే పరికరం ఇక్కడే చేసే పని కూడా ఆవిడ చేతి మీదే జరిగింది. బెలూన్‌కి కట్టి పైకి పంపుతారు, చిన్న పంపు గాలిని పొటాషియం అయొడైడ్ ద్రావణంలోకి ఊదుతుంది, ఓజోన్ ఉంటే అయొడిన్ విడిపోతుంది, దాన్నిబట్టి కొంచెం కరెంటు వస్తుంది, రేడియో కిందికి చెబుతుంది. అప్పట్లో అలాంటిది సొంతంగా చేసుకున్న దేశాలు వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. ఇవి నేను ఎప్పుడూ ముట్టుకోలేదు కాబట్టి ఇంతకంటే చెప్పలేను.

ఒక్క విషయంలో ఆవిడతో నేను ఏకీభవించను, అది కూడా రాయాలి. ఆడదాన్ని అయినందువల్ల నాకు నష్టమూ జరగలేదు, ప్రత్యేకంగా లాభమూ జరగలేదు అన్నట్టే ఆవిడ మాట్లాడేవారు, ఆడవాళ్లు సైన్స్ అంటూ ఇంత హడావుడి ఎందుకు అనేవారు. తన గురించి జాలిగా రాస్తే ఆవిడకు నచ్చదు. ఆ గౌరవం నాకు అర్థమవుతుంది. కానీ రామన్ గారి ల్యాబ్‌లో ఆడ, మగ విద్యార్థులు కలిసి మాట్లాడుకున్నా ఆయనకు నచ్చేది కాదట. సైన్స్‌లో సగం పక్కన కూర్చున్నవాళ్లతో మాట్లాడి నేర్చుకునేదే కదా, ఆ సగం వీళ్లకు మూసేశారు. లేదని అంటే ఎలా? ఆవిడ పట్టించుకోలేదు అంటే అడ్డం లేదని కాదు. నీకు ఎవరైనా "ఆడపిల్లకి ఓపిక ఎక్కువ, కాలిబ్రేషన్ నువ్వు చూసుకో, లెక్కలు మేము చూస్తాం" అన్నారనుకో, ఊరుకోకు. పని నువ్వే చెయ్, లెక్కలు కూడా నువ్వే చెయ్.

1976లో వాతావరణ శాఖ డిప్యూటీ డైరెక్టర్ జనరల్‌గా రిటైరయ్యారు. రిటైరయ్యాక బెంగళూరు, రామన్ రీసెర్చ్ ఇన్‌స్టిట్యూట్, అంటే తన గురువు రామన్ గారు పెట్టిన చోటికే. తర్వాత అక్కడే చిన్న వర్క్‌షాప్ పెట్టి గాలి వేగం, ఎండ కొలిచే పరికరాలు తయారు చేయించారు. గాలి నుంచి కరెంటు తీయాలంటే ముందు ఎక్కడ ఎంత గాలి వీస్తుందో తెలియాలి, ఊరికే కొండ మీద నిలబడి చీర కొంగు ఎగిరింది కదా అంటే చాలదు, స్తంభం పాతి, గిన్నెలు కట్టి, గంట గంటకీ ఏడాది పొడుగునా చూడాలి. దేశంలో 700 పైగా చోట్ల అలా కొలిపించారు. మనం అనంతపురం వైపు వెళ్లినప్పుడు రామగిరి కొండల మీద గాలిమరలు చూసి నువ్వు బస్సు కిటికీలోంచి లెక్కపెట్టావు కదా, ఇలాంటివి నిలబెట్టే ముందు ఎక్కడైనా ఈ పని జరగాల్సిందే. పెళ్లి చేసుకోలేదు. కొండలెక్కడం, పక్షులను చూడటం, సంగీతం ఇష్టం. 1994లో పక్షవాతం వచ్చి కదల్లేకపోయారు. 2001 ఆగస్టు 16న తిరువనంతపురంలో పోయారు, ఇంకో వారం ఉంటే 83 నిండేవి. చివరిదాకా పీహెచ్‌డీ లేదు. నాకు తెలిసి ఆవిడ కింద పనిచేసిన ఏ పరికరమూ ఆ సంగతి అడగలేదు.

నీకు పీహెచ్‌డీ రావాలి, తప్పకుండా రావాలి, ఎవరూ దాన్ని ఏదో కాగితం లేదని ఆపకూడదు. అది వద్దులే అని చెప్పడానికి ఈ ఉత్తరం రాయలేదు. నాన్న కూడా అదే అన్నారు, ఇంకో ఏడాది పట్టినా పట్టనీ, డబ్బు సంగతి చూసుకుంటాం, దాని గురించి టెన్షన్ పడొద్దని చెప్పు అన్నారు. కానీ ఆ సగటు తీసేసి పంపే పేపరు మాత్రం పంపకు తల్లీ. దాని మీద నీ పేరు ఉంటుంది. రేపు ఎవరో పిల్లాడు మూడు రోజులు కూర్చుని నీ అంకెలు తన నోటు పుస్తకంలోకి ఎక్కించుకుంటాడు, నువ్వు అక్కడ ఉండవు చెప్పడానికి.

ఇంతకీ నీ డిటెక్టర్ సంగతి. నేను నీ అంత చదువుకోలేదు గానీ ఒకటి అడుగుతాను. మా దగ్గర ఎండ కొలిచే పరికరం రాత్రిపూట సున్నా చూపించాలి కదా, ఎండ లేదు కాబట్టి. చూపించేది కాదు. మబ్బు లేని రాత్రి చార్టు మీద గీత సున్నా కిందికి కొంచెం దిగేది, మబ్బు పడితే మళ్లీ సున్నా దగ్గరికి వచ్చేది. పాడైందనుకుని పూణెకి రాశాను. పాడవలేదట. పైన గాజు డోమ్ ఆకాశం వైపు వేడి వదిలేసి లోపలి పలక కంటే చల్లబడుతుంది, ఆ తేడానే అది చూపిస్తుంది. అంటే అది అబద్ధం చెప్పడం లేదు, నేను అడగని ప్రశ్నకు జవాబు చెబుతోంది. నీది కూడా ఒక్కో రాత్రి ఒక్కోలా ఉంటోందన్నావు కదా, పక్కనే గది ఉష్ణోగ్రత రాస్తున్నావా? మీ ల్యాబ్‌లో ఏసీ రాత్రి ఎవరు ఆపుతారు, రోజూ ఒకే టైముకి ఆపుతారా? ఒక వారం ఏసీ రాత్రంతా వేసి ఉంచి చూడు, ఒక వారం ఆపేసి చూడు. గంట గంటకీ రెండూ పక్కపక్కన రాసి నాకు ఫోటో తీసి పంపు, నేనూ చూస్తాను, నాకు ఇప్పుడు పనేముంది.

గోంగూర పచ్చడి, కందిపొడి పార్సిల్ చేశాను, గురువారానికి అందుతుంది. మధ్యలో ఏ రాత్రైనా నిద్ర వచ్చి చూడలేకపోతే ఆ గడి ఖాళీగా వదిలేసి పంపు, నేను ఏమీ అనుకోను.

అమ్మ